అన్నం తింటివా, అబ్బయ్యా?

చేజర్ల అనగానే చదువరులలో పెక్కుమందికి పల్నాటిలోని చేజర్లయు, అందలి కపోతేశ్వరాలయమును స్ఫురించును. శరణు జొచ్చిన పావురము కొరకు శిబి చక్రవర్తి తన దేహమునే కోసి త్రాసులో వేసిన చోటని ఆ ఊరి ఐతిహ్యము. నేను చెప్పబోవునది ఆ చేజర్ల కాదు. ఇది నెల్లూరు జిల్లాలో ఆత్మకూరుకు చేరువనున్న చేజర్ల. పెన్న యిసుకకును మెట్ట చేలకును నడుమ బ్రతుకు సాగించెడి ఊరు. ఈ ఊరికి శిబి కథ లేదు. అయినను ఇక్కడి యిండ్లలో కూడ ఒక త్రాసు ఉన్నది.

కొడుకు అమెరికాకు తిరిగి పోవు ముందటి రాత్రి వసారాలో పెట్టెలు తెరచియుండును. పెట్టెకు ఇరువది మూడు కిలోలకు మించరాదు. నాయన కొక్కెపు త్రాసును పెట్టెకు తగిలించి పైకెత్తును. కిలో బరువు హెచ్చును. కొడుకు నిమ్మకాయ ఊరగాయ జాడీని తీసి ప్రక్కన పెట్టును. తల్లి ఏమియు అనక, వాని చొక్కాలు రెండు తీసివేసి జాడీని మరల పెట్టెలో ఉంచును. చొక్కాల నడుమ ఉదయగిరి కొయ్య గరిటె ఒకటి దూర్చును. త్రాసు మరల పైకి లేచును. ఈ తూకము అర్ధరాత్రి దాక సాగును. ఇంత సేపటిలో ఎవరి నోటను ప్రేమ అను మాట వినరాదు. కాని ఆ రాత్రి ఆ యింట తూచబడుచున్నది మరి యేమి?

కొడుకు వెళ్ళిన తరువాత మిగులునది సెల్‌ఫోను. ఇచ్చట సాయంకాలము, అచ్చట తెల్లవారుజాము. తెర మీద ముఖము కనబడగానే అవ్వ అడుగు మొదటి మాట, "అన్నం తింటివా, అబ్బయ్యా?" రెండవది, "ఏం కూర?" మూడవది, "సన్నబడితివే!" పిదప మనుమరాలి వంతు. పదేండ్ల పిల్ల, డల్లాసులో పుట్టి పెరిగినది. తెలుగు అర్థమగును గాని పలుకుటకు తడబడును. అవ్వ అడిగిన ప్రశ్నలకు బదులు చెప్పి, చివర తన బడిలో, స్నేహితుల యిండ్లలో అలవాటైన రీతిని "ఐ లవ్ యూ, అవ్వా" అనును. అవ్వ ఒక్క క్షణము ఆగి, "సరే తల్లీ, పెట్టేస్తా మరి" అనును.

ఫోను ఆగిన పిదప ఆ పిల్ల తండ్రిని అడిగినది: "అవ్వకు నేనంటే ఇష్టం లేదా? నేను చెప్పినప్పుడెల్లా సరే అంటుంది గాని, తిరిగి చెప్పదేమి?" తండ్రి చప్పున సమాధానము చెప్పలేకపోయినాడు. చెప్పవలసినది ఆయనకు తెలియకకాదు. అంతకు ముందెన్నడును చెప్పవలసిన అక్కర కలుగలేదు.

ఇది పిల్లల మాటయని త్రోసివేయుటకు వీలులేదు. ఖండాంతరములలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో, ఆ మాటకు వచ్చిన ఆసియా ఖండపు కుటుంబములన్నిటిలో, ఒక తరమునకును మరియొక తరమునకును నడుమ నేడు ఏర్పడుచున్న యెడమునకు మూలము ఈ చిన్న ప్రశ్నలోనే ఉన్నది. ఇరువైపుల ప్రేమ నిండుగనే ఉన్నది. ఒకరి నాణెము మరియొకరి అంగడిలో చెల్లుట లేదు.

మన భాషలో అనురాగమును తెలుపు మాటలకు కరవున్నదా? లేదు. కూరిమి, మక్కువ, గారాబము, మమకారము, వాత్సల్యము - జాబితా వ్రాసిన పుటలు నిండును. కాని ఈ మాటల నడవడి గమనింపదగినది. ఇవి ఒకరిని గూర్చి వేరొకరితో చెప్పుకొనునవే గాని, ఎదుట నిలిచినవానితో ముఖాముఖిగ పలుకునవి కావు. "దానికి తమ్ముడంటే ఎంత ఆపేక్షో" అని పొరుగింట చెప్పుకొందుము. "తమ్ముడా, నీ మీద నాకెంతో ఆపేక్ష" అని తమ్మునితో అనము. అన్నచో వాడు బెదరి, అక్కకు జ్వరము తగిలినదేమోయని నుదుట చేయి వేసి చూచును.

ఆ 'ఆపేక్ష' అను మాటయే ఒక కథ చెప్పుచున్నది. సంస్కృతమున 'అపేక్ష' యనగా కోరిక, అవసరము, ఎదురుచూపు. తెలుగువారి నోట అది ప్రేమగా మారినది. 'అక్కర' యనినను అంతే. అక్కర అనగా అవసరము. ఒకరిని అక్కరగా చూచుకొనుట యనగా ప్రేమతో చూచుకొనుట. అనగా మన జాతి ప్రేమను ఒక భావముగ గాక, ఒకరికి ఒకరు కావలసియుండుటగ గ్రహించినది. 'మాకు కావలసినవారు' అనియే కదా బంధువులను గూర్చి చెప్పుదుము! కావలసినవానిని అడుగవలసినది ఏమి? ఆకలి తీరినదా, లేదా?

ఈ ప్రశ్న మనకొక్కరికే సొంతమని గర్వపడ నవసరము లేదు. చైనావారు కలిసికొన్నప్పుడు అన్నము తిన్నారా అని పలుకరించుట పూర్వపు మర్యాద. కొరియా తల్లి దూరమున నున్న బిడ్డను అడుగు మాటయు అదే. థాయి దేశమునను, వియత్నామునను ఆ పలుకరింపే కలదు. మరియొక వింత యేమనగా, మన 'అన్నము' వలెనే చైనావారి 'ఫాన్', కొరియావారి 'పాప్', థాయివారి 'ఖావ్' - ఇవన్నియు వండిన వరికిని, మొత్తము భోజనమునకును పేర్లే. వరి పండించి, కరవు నెరిగి, పెద్ద కుటుంబములుగ బ్రతికిన జాతులకు కడుపు నిండినదా యనుట కంటె మిన్నయైన కుశలప్రశ్న లేకపోయినది.

ఈ రెండు ప్రపంచముల నడుమ చిక్కుకొన్న ఒక పండితుని అనుభవమును ఇచ్చట చెప్పవలెను. జపాను దేశపు మనోవైద్యుడు తకేవో దోయి 1950లో అమెరికా వెళ్ళినాడు. ఒక పరిచయస్థుని యింటికి పోగా ఆ గృహస్థుడు, "ఆకలిగా ఉన్నదా? ఐస్‌క్రీము ఉన్నది" అని అడిగినాడట. దోయికి నిజముగ ఆకలియే. అయినను తొలిసారి అడుగగానే ఔననుట మర్యాద గాదని, మరల బలవంతము చేయుదురను నమ్మకముతో, లేదని చెప్పినాడు. గృహస్థుడు "అట్లాగా" యని ఊరకున్నాడు. దోయి ఆకలితోనే మిగిలినాడు. తెలుగింట పుట్టినవారెవ్వరును ఈ కథ విని దోయిని చూచి నవ్వరు. మన మొహమాటమునకు జపాను దేశమున ఒక తోబుట్టువున్నదని సంతోషింతురు. వద్దన్నను కొసరి వడ్డించుట మన యెరుక. అట్టి అనుభవములను త్రవ్వుచు దోయి 1971లో ఒక గ్రంథము వెలువరించినాడు. అందు ఆయన ఎన్నుకొన్న మాట 'అమాయె'. అడుగకయే ఎదుటివారు తన యక్కరను గ్రహింతురను భరోసాతో, గారాబముగ వారి మీద ఆనుకొనుట దాని భావము. జపాను భాషలో 'తియ్యన' అను మాటకు అది చుట్టము. మన ఆపేక్షకు, అక్కరకు అది యెంత దగ్గర!

ఇట్టి నిగ్రహము మన సాహిత్యమునకును క్రొత్త కాదు. పదుమూడవ శతాబ్దిలో ఇదే నెల్లూరిసీమలో మనుమసిద్ధి కొలువున నున్న తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు తెనిగించినాడు. వాటిలో ఉద్యోగపర్వమున కుంతి ఘట్టమును తలచికొనుడు. కొడుకులు పదుమూడేండ్లు కంటికి కనబడలేదు. ఆమె విదురుని యింట కాలము గడపినది. రాయబారమునకు వచ్చిన కృష్ణుని చూడగానే ఒక్కొక్క బిడ్డను పేరు పేరున తలచికొని దుఃఖించినది. కాని ఆయన మరలిపోవునపుడు బిడ్డలకు పంపిన మాట యేమి? ఓడి వచ్చిన కుమారుని నిలదీసి మరల పోరునకు పురికొల్పిన విదుల యను తల్లి కథ. కన్నీరు కృష్ణుని యెదుట. బిడ్డలకు మాత్రము ధైర్యము. ఇది మన యింటి తల్లులు నేటికిని చేయుచున్న పనియే. విమానాశ్రయమున నవ్వుచు చేయి ఊపి, ఇంటికి వచ్చి పెరటి తలుపు వేసికొందురు.

ప్రేమకు ఈ రీతి మౌనభాష ఉండుట తప్పా? కాదు. కాని ఈ భాషకు కొన్ని పనిముట్లు కావలెను. వడ్డించుటకు కంచము ఎదుట ఉండవలెను. తల నిమురుటకు తల అందుబాటులో ఉండవలెను. వలస ఈ పనిముట్లను లాగికొన్నది.

తెలుగువాడు దూరదేశములకు పోవుట నేటి మాట కాదు. బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వము రద్దయిన పిదప, 1834 నుండి ఒప్పందపు కూలీలు మారిషసునకు తరలినారు. కోరంగి రేవు నుండి పోయిన తెలుగువారికి ఆ దీవిలో కోరంగీలను పేరు నిలిచినది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి పోయిన ట్రూరో యను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది. ఆ వెనుక పోయినవారిలో తెలుగువారును పెక్కురు. ఆ దేశమున 1931లో వారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నారు. మారిషసు తెలుగిండ్లలో నేడు క్రియోలు మాటయే హెచ్చు. అయినను రామభజనలు నిలిచినవి. ఉగాది ఆ దేశమున సెలవు దినము. భాష జారిపోయినను చేతలలో నున్న అనురాగము ఎంత గట్టిదో దీని వలన తెలియును. ఆ మాటకు ఎదురు మాటయు ఉన్నది. ఆ తొలినాటి కూలీలలో చదువు వ్రాతలెరిగినవారు కొలదిమంది. ఓడ ఎక్కిన బిడ్డ మీద తల్లికి గల ప్రేమ వంటింటి నుండి వెలుపలికి రాలేకపోయినది. ఎన్నో కొంపలలో అది తల్లితోనే కడతేరినది.

చదువు వచ్చినవారి ఉత్తరములైనను హృదయమును విప్పినవా? 'ఉభయకుశలోపరి' యని మొదలగును. వాన పడినది, ఆవు ఈనినది, ఫలానావారి పెండ్లి కుదిరినదని సాగును. ఆరోగ్యము జాగ్రత్త యని ముగియును. ఆ చివరి మాటలోనే సర్వము ఇమిడియుండెను. చదువువానికి అది తెలిసియుండెను, కావున అది చాలెను. తంతి వచ్చినదన్న ఇల్లు గడగడలాడెను. చెడ్డ కబురునకు మాత్రమే మాటలు వెచ్చించుట మన అలవాటు గదా. ఆ తంతియు 2013 జూలైలో మన దేశమున సెలవు తీసికొన్నది.

పిదప తలుపులు విశాలముగ తెరచుకొన్నవి. 1965 అక్టోబరు 3న సంతకమైన వలస చట్టముతో అమెరికా ఆసియావారికి ద్వారము తెరచినది. 1977 నాటికి ఉత్తర అమెరికాలోని తెలుగువారు 'తానా'గ కూడుకొన్నారు. 2017 నాటికి ఆ దేశమున ఇంట తెలుగు పలుకువారు నాలుగు లక్షలు దాటినారు. ఆ యేడుకు ముందటి ఏడేండ్లలో తెలుగు వలె వేగముగ పెరిగిన భాష అచ్చట మరియొకటి లేదు.

కాని మెట్టసీమ వలసకు అమెరికా ఒక్కటే ముఖము కాదు. వాన మీద ఆధారపడిన ఈ పల్లెల నుండి, పొరుగుననున్న కడప జిల్లా నుండి, కువైటునకు పోయిన తల్లులు ఎందరో. అచ్చటి యిండ్లలో వంట చేసి, పిల్లలను సాకి, నెలనెల డబ్బు పంపుదురు. వారి సొంత పిల్లలు ఇచ్చట అవ్వల చేతిలో పెరుగుదురు. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినప్పుడు లక్షకు మించిన భారతీయులను విమానములలో తరలించి తెచ్చినారు. బ్రతికి వచ్చినవారిలో పలువురు మరల పోయినారు. ఇంటి అక్కర అట్టిది.

అట్టి తల్లి యొకతె సెలవు మీద వచ్చినపుడు చెప్పిన మాట నేటికిని నా చెవిలో ఉన్నది. "ఆ యింటి పాపను 'హబీబ్తీ' అని పిలిచేదాన్ని. నా ప్రాణమా అని వాళ్ళ మాటల్లో రోజుకు నూరు సార్లు అనేదాన్ని. అరబ్బీలో నోటికి అడ్డం రాలేదు. మా పాప ఫోన్లో వస్తే మాత్రం, జడేసుకున్నావా, అన్నం తింటివా అనేదే గాని, ఒక్క నాడైనా అట్లా అనలేకపోయినా. అనిపించేది. నోరు రాలేదు." పరుల బిడ్డకు పరుల భాషలో సుళువుగ దొరికిన మాట, కన్నబిడ్డకు కన్నభాషలో దొరకలేదు. ఆమె కూతురు, పదునారేండ్లది, ప్రక్కనే కూర్చుండి వినుచున్నది. తల్లి పంపిన గొలుసు మెడలో ఉన్నది. ఆ పిల్ల ఆ నాడు మొదటిసారిగ తల్లి మనసు విన్నది - అదియు మా వంటి పరాయివారితో చెప్పుచుండగా.

మౌనము వలన నష్టమే లేదని వాదించువారి కొరకు మరియొక యింటి సంగతి చెప్పుదును. ఆ యింటి నాయన మితభాషి. అమెరికా నుండి కొడుకు ఫోను చేయగానే, "బాగుండావా? ఇదిగో, మీ అమ్మతో మాట్లాడు" అని నిమిషములోపల ఫోను భార్య చేతికి ఇచ్చెడివాడు. ఇరువదేండ్లు ఇదే తీరు. నాయనకు తన మాట వినవలెనని లేదని కొడుకు మనసులో గట్టిపడినది. 2020 మార్చిలో మహమ్మారి వలన అంతర్జాతీయ విమానములు ఆగినవి. మే 7 నుండి వందే భారత్ పేర ప్రత్యేక విమానములు నడచినను, చోటు దొరకినవారు తక్కువ. ఆ వేసవిలోనే నాయన కన్ను మూసినాడు. కొడుకు అంత్యక్రియలను ఫోను తెరలో చూచినాడు. నెలలు గడచి ఇల్లు చేరినపుడు గోడకు తెలుగు క్యాలెండరు వ్రేలాడుచున్నది. పాల లెక్క వ్రాసిన గడులలో, అక్కడక్కడ చిన్న సున్న చుట్టియున్నది. ఇవేమని అడుగగా తల్లి చెప్పినది: "నువ్వు ఫోను చేసిన రోజులు. సున్న లేకుండా వారం దాటితే మీ నాయన ముద్ద దిగేది కాదు." పాత క్యాలెండర్లు అటక మీద ఉన్నవి. అన్నిటిలో సున్నలున్నవి.

ఆ సున్నలను చూచి ప్రేమ యెంత గొప్పదని మనము మురిసికొనవచ్చును. కాని కొడుకునకు అవి ఇరువదేండ్లు ఆలస్యముగ అందిన ఉత్తరములు. జాబు వ్రాయవలసినవాడు లేడు. చేతలే చాలునను మన నానుడి ఒక గడప క్రింద నిజము. రెండు సముద్రములకు ఆవల అది సగము నిజమే. మార్కులెన్ని, జీతమెంత యని అడుగు ప్రశ్నలలో కూడ ప్రేమయే ఉన్నదని పెద్దలందురు. ఉండవచ్చును. కాని వినువాడు మార్కులనే వినును, జీతమునే వినును.

అట్లని పిల్లలు పలుకు 'ఐ లవ్ యూ' పెదవుల మీది మాటయని కొట్టివేయుట అన్యాయము. వారు పెరిగిన చోట వీడుకోలు మర్యాద అది. మనము 'పోతాను' అనక 'పోయొస్తా' అనునట్లే, వారు ఆ మాట అనక ఫోను పెట్టుటకు వెనుదీయుదురు. రెండింటి వెనుకను ఉన్నది ఒక్క భయమే: ఇదియే కడపటి మాట యగునేమో.

కావున ఇరువైపుల వారికి చెరియొక పాఠము కలదు. విదేశములలో పిల్లలను పెంచుచున్నవారు తెలుగు నేర్పునపుడు అక్షరములతో పాటు ప్రశ్నల అర్థమును నేర్పవలెను. అవ్వ 'సన్నబడితివే' అన్నచో అది వంక పెట్టుట కాదనియు, ఏమి కూర యని అడుగుట కాలక్షేపము కాదనియు విప్పి చెప్పవలెను. ఇచ్చటి పెద్దలు, ముఖ్యముగ నాయనలు, ఫోనును భార్య చేతికి ఇచ్చుటకు ముందు ఒక్క మాట, తమకు చేతనైన భాషలోనే, పలుకుట నేర్వవలెను. పరభాషా వాక్యమును అప్పగింపనక్కర లేదు. "నీ ఫోను కోసమే కాచుకొని ఉండా అబ్బయ్యా" యన్నను చాలును. అందు మన ఆపేక్ష యొక్క మొదటి యర్థము, ఆ ఎదురుచూపు, సంపూర్ణముగ ఉన్నది.

ఆ 2020వ సంవత్సరమే జూన్ నెలలో, చేజర్ల మండలములోని పెరుమాళ్ళపాడు వద్ద పెన్న యిసుకలో ఒక దేవాలయము బయటపడినది. నాగేశ్వరస్వామి గుడి. 1850 ప్రాంతమున నది వరదలకు ఒరిగి ఇసుక మేటలు వేయగా అది మునిగిపోయినదని చెప్పుదురు. అది అచ్చట కలదను మాట ఊరిలో చెప్పుకొనుచునే ఉన్నారు. కాని వినికిడి వేరు, దర్శనము వేరు. ఊరి యువకులు పూనుకొని ఇసుక తొలగింపగా శిఖరము కనబడినది. చూడ వచ్చినవారిలో ఒక ముదుసలి చేతులు జోడించి, "ఉండాదని తెలుసు గాని, చూస్తామనుకోలా" అన్నాడట. మన యిండ్లలోని మమతను గూర్చి అంతకంటె చెప్పవలసినది నాకు తోచదు. ఉన్నదని అందరికి తెలియును. ఎవరో ఒకరు ఇసుక తీయవలెను.

డల్లాసు పిల్ల సంగతి చెప్పక ముగింపరాదు. తండ్రి ఆ రాత్రి ఏమి చెప్పినాడో గాని, మరుసటి వారము ఫోను వచ్చినపుడు ఆ పిల్ల ముందుగ తానే అందుకొన్నది. అవ్వ నోరు తెరవక ముందే, వచ్చీ రాని తెలుగులో, "అవ్వా, నువ్వు అన్నం తింటివా?" అని అడిగినది.

అవ్వ మాటలాడలేదు. ఈ ప్రశ్నను ఆమె డెబ్బదేండ్లుగ ఇతరులను అడుగుచున్నది. భర్తను, బిడ్డలను, కూలికి వచ్చినవారిని, గడపలోకి వచ్చిన ప్రతివారిని అడిగినది. ఆమెను అడిగినవారు లేరు. అందరి పిమ్మట తినెడిదానిని ఎవరు అడుగుదురు? కొంగుతో ముఖము తుడుచుకొని, ఆమె తెరకు దగ్గరగ జరిగినది.

"ఇంకా లేదు తల్లీ. నీ కోసమే కాచుకొని ఉండా."